దేవుడు గారండి

నాకు మతబోధ అప్పగించింది నా భక్తిని చూసి కాదు, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో నేను ఖాళీగా కూర్చోవడం చూసి. నరసాపురానికి కాస్త ఇవతల, కాలవ గట్టు మీద ఉన్న ఓ ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో నేను తెలుగు మేస్టర్ని. నాకంటే ముందు ఆ పీరియడ్ చెప్పిన మేస్టారు నెలకోసారి వంతెనలన్నీ దాటి యానాం వెళ్లి వస్తున్నారనీ, వెళ్లేటప్పుడు చప్పుడు చేయని సంచి వచ్చేటప్పుడు సీసాలతో గలగలలాడుతోందనీ తెలిసి ఆయన్ని ఆ పీరియడ్ నుంచి తప్పించి లెక్కలకు మార్చారు. ఆ సంగతి యానాంలో కళ్లారా చూసి వచ్చి చెప్పినవారు మా కరస్పాండెంటు గారే. ఆయన అక్కడ ఏ పని మీద ఉన్నారన్నది స్టాఫ్ రూములో ఎవరూ అడగలేదు. జీతాలు ఆయనే ఇస్తారు.

ఆ పీరియడ్ పూర్తి పేరు నైతిక ఆధ్యాత్మిక విలువలు. టైమ్‌టేబుల్ గడిలో అంత పేరు పట్టక నై.ఆ.వి. అని రాశారు. పిల్లలు దాన్ని నైయావి అనేవారు. కొందరు తల్లిదండ్రులు అదేదో కొత్త కంప్యూటర్ కోర్సనుకుని, మా పిల్లాడికి నైయావి బాగా పట్టుబడిందండీ, ముందు ముందు ఉద్యోగం గ్యారంటీయేనాండీ అని నన్ను అడిగేవారు. గ్యారంటీయే అని చెప్పేవాణ్ణి. పాఠం చెప్పేవాడికే లేని గ్యారంటీ పిల్లలకైనా ఉండాలి కదా.

మా బడి పిల్లల్లో సగం మంది గుడికీ, సగం మంది చర్చికీ వెళ్లేవాళ్లు. మూడో సగం మంది రెండు చోట్లకీ వెళ్లేవాళ్లు. లెక్క తప్పని మీరంటారు గానీ, మా వైపు లెక్క అంతే. యాజమాన్యంలోనూ అదే సమతూకం. కరస్పాండెంటు గారికి రైసు మిల్లూ, రొయ్యల చెరువులూ, ప్రతి నెలా అన్నవరం ప్రయాణమూ ఉన్నాయి. ఆయన బొట్టు ముందుగా గేటు దాటి లోపలికి వచ్చేది, దాని వెనకాల ఆయన వచ్చేవారు. హెడ్‌మిస్ట్రెస్ గారిది లూథరన్ కుటుంబం. తాతల నాటి నుంచీ టీచర్లే. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే గోడ మీద బల్లి సైతం ఈగని వదిలేసి నిలబడేది.

నిజానికి పిల్లలకు మతం విషయంలో ఏ ఇబ్బందీ ఉండేది కాదు. వాళ్ల దృష్టిలో మతం అంటే తినేది. కరస్పాండెంటు గారు అన్నవరం నుంచి ఆకు పొట్లాల్లో ప్రసాదం తెచ్చి పంచితే చర్చి పిల్లలు ఆమెన్ అని నోట్లో వేసుకునేవారు. క్రిస్మస్‌కి హెడ్‌మిస్ట్రెస్ గారు కేకు ముక్కలు పంచితే గుడి పిల్లలు కళ్లకద్దుకుని తినేవారు. ఆ విధంగా మతసామరస్యం మా బడిలో ఎప్పుడో సిద్ధించి, అరిగి కూడా పోయింది. దాన్ని నేర్పడానికి ప్రత్యేకంగా ఒక పీరియడ్ పెట్టిన తర్వాతే గొడవలు మొదలయ్యాయి.

నాకేమో శ్లోకమూ రాదు, బైబిలు వాక్యమూ రాదు. వచ్చినదల్లా తెలుగు. అందుకని మొదటి పాఠంగా, ఏ మతానికీ అభ్యంతరం ఉండదనే ధైర్యంతో, పెద్దల్ని ఎలా సంబోధించాలో చెప్పాను. మా గోదావరి వాళ్లకి అదో మతమే. మా వైపు కండక్టరు బస్సులోంచి తోసేసినా, దిగండి అనే తోస్తాడు. కొబ్బరితోటలో దొంగ దొరికితే, ఏంటండి మీరు చేసిన పని అని అడిగాకే చెట్టుకి కడతారు. అలాంటి సీమలో పుట్టి పెద్దవాళ్లని నువ్వు అంటే నాలుక మీద పుండ్లు లేస్తాయని కొంచెం కలిపి చెప్పాను. మనిషి ఎంత పెద్దవాడైతే అండి అంత గట్టిగా అనాలని ఇంకొంచెం కలిపాను. నాకు చేతికి ఎముక లేదు, అతిశయోక్తి విషయంలో.

ఆ పాఠాన్ని పిల్లలందరూ విన్నారు. ఒక్క పిల్ల మాత్రం నమ్మింది.

ఆ పిల్ల మూడో తరగతి. మొగల్తూరు వైపు నుంచి చేపలు తెచ్చి మా ఊళ్లో వీధి వీధీ తిరిగి అమ్మే ఒకామె కూతురు. తల్లి గొంతు గురించి ముందు చెప్పాలి. ఆమె కాలవకు ఇవతల చేపలోయ్ అంటే అవతలి గట్టు మీద పిల్లులు నీళ్లలోకి దిగేవి. స్కూలు బెల్లు పాడైన రోజుల్లో ఆమె కేకని బట్టే మేం ఇంటర్వెల్ ఇచ్చేవాళ్లం. అంత గొంతు ఉన్న ఇంట్లో పుట్టడం వల్ల కాబోలు, ఆ పిల్లకి గొంతే మిగల్లేదు. అటెండెన్సులో ప్రెజెంట్ సార్ అనేది గానీ అది మొదటి బెంచీ దాకా వచ్చి అలిసిపోయేది. నేను పెదవులు చూసి హాజరు వేసేవాణ్ణి.

మా నైయావి పరీక్షలో ఫస్టు వచ్చినవాళ్లు వార్షికోత్సవం నాడు మైకు ముందు నిలబడి ప్రార్థన చెప్పాలని ఒక నియమం ఉండేది. పెట్టినవారు కరస్పాండెంటు గారు. ఆయన మనవడు కూడా మూడో తరగతే కాబట్టి ఆ నియమంలో దూరదృష్టి ఉంది. అయితే ఆ బాబు పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చాడు. కరస్పాండెంటు గారు దాన్ని నిరాడంబరత అన్నారు. నేను దానికి తగ్గ మార్కులే వేశాను. చేపల ఆమె కూతురు ఫస్టు వచ్చింది. పెద్దల్ని ఎలా పిలవాలి అన్న ప్రశ్నకి ఆ పిల్ల అడిషనల్ షీటు తీసుకుని మరీ రాసింది.

ఫలితం చెప్పగానే బల్ల దగ్గరికొచ్చి ఏదో అంది. వంగి చెవి పెడితే గానీ వినపడలేదు.

"మేస్టారండి, మైకంటే నిజం మైకేనాండి? కరెంటుదేనాండి?"

కరెంటుదే అన్నాను.

"అయితే నేనంటే మా అమ్మకి వినపడుద్దాండి? మా ఇంట్లో నా మాట ఎవరికీ వినపడదండి. అన్నం కావాలన్నా చెయ్యి పట్టుకుని లాగాలండి."

అప్పటి నుంచి ఆ పిల్ల వార్షికోత్సవం కోసం ఎలా చూసిందంటే, మా కరస్పాండెంటు గారు రొయ్య ధర కోసం కూడా అలా చూసి ఉండరు.

ఇక ప్రార్థన రాయాలి. రెండు మతాల వాళ్లకీ నచ్చేది, రెండు మతాల వాళ్లనీ నొప్పించనిది. రాసేవాణ్ణి నేను. సరిచూసేవారు ఇద్దరు, కరస్పాండెంటు గారూ హెడ్‌మిస్ట్రెస్ గారూ. ఆఫీసు రూములో, గరగరమనే ఫ్యాను కింద ఆ సమావేశాలు జరిగేవి. దేశాలు సరిహద్దు ఒప్పందాలు చేసుకున్నా అన్ని టీలు ఖర్చై ఉండవు.

ఓ సర్వేశ్వరా అని మొదలుపెట్టాను. శివాలయం గంట వినపడుతోందన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. పైగా అది ఆర్‌సీఎం కేథలిక్కుల మాట, మాది లూథరన్ అన్నారు. ఒకే మాట అటు శివుడికీ ఇటు ఆర్‌సీఎంకీ అంటుకుని ఉండటం చూసి నాకు తెలుగు మీద గౌరవం పెరిగింది. ప్రభువా అని మార్చాను. ఆదివారం పొద్దుటి మైకు వినపడుతోందన్నారు కరస్పాండెంటు గారు. స్వామీ అంటే కొండ మెట్లు కనపడుతున్నాయన్నారు ఆమె. తండ్రీ అంటే శిలువ కనపడుతోందన్నారు ఈయన. చివరికి దేవా అన్న ఒక్క మాట ఇద్దరి చేతుల్లోంచీ ప్రాణాలతో బయటపడింది. వందనం చర్చి వాళ్లదని తేలింది. నమస్కారం కలెక్టరు గారికి కూడా పెడతాం కాబట్టి దానికి మతం లేదని తీర్మానించాం. చేతులు ఎలా జోడించాలి, వేళ్లు కలపాలా అరచేతులు కలపాలా అన్న చర్చలో ఒక పూట పోయింది. కళ్లు మూయాలా తెరవాలా అన్నదానికి సగం మూయాలని రాజీ కుదిరింది. దాంతో ప్రాక్టీసులో మా పిల్లలందరూ తెగులు వచ్చిన కోళ్లలా కనిపించారు.

అన్నిటికంటే పెద్ద పేచీ ఆఖరి మాట దగ్గర వచ్చింది. ఆమెన్ అని ముగించాలని ఆమె, శాంతిః అని ముగించాలని ఆయన. రెండూ పెడదామన్నాను. ఏది ముందు అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. దాంతో రెండూ తీసేశాం. ప్రార్థన చివర తోక లేకుండా, రేవు దాకా వచ్చి దాటించే పంటు లేక నిలిచిపోయిన లారీలా ఆగిపోయింది.

ఇంతా చేసి తేలినది ఇంతే: దేవా, నీకు నమస్కారం. నీవు మాకు మంచి బుద్ధిని ఇమ్ము. మా బడిని చల్లగా చూడుము.

దాన్ని ఆ పిల్లకి ఇచ్చాను. రెండు రోజులు దాచుకుని చదువుకుంది. శుక్రవారం క్లాసులో చెప్పమంటే, చేతులు రాజీ పద్ధతిలో జోడించి, కళ్లు సగం మూసి ఇలా అంది:

"దేవుడు గారండి, మీకు నమస్కారమండి. మీరు మాకు మంచి బుద్ధి ఇవ్వండి. మా బడిని చల్లగా చూడండి."

అలా కాదమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాను. పెద్దవాళ్లని నువ్వు అనకూడదని మీరే చెప్పారు కదండి అంది. దేవుడు పెద్దాయనేనాండి అని అనుమానంగా అడిగింది. అందరికంటే పెద్దాయన అని ఒప్పుకోవలసి వచ్చింది. మనిషి ఎంత పెద్దవాడైతే అండి అంత గట్టిగా అనాలని కూడా అన్నారండి అంది. నేను పరీక్షలో ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు వేసి ఉన్నాను. వెనక్కి తీసుకోవడానికి లేదు.

మిగతా పిల్లలకి ఈ పద్ధతి తెగ నచ్చింది. సోమవారం అసెంబ్లీలో రిహార్సల్ అని ఆ పిల్లని ముందు నిలబెడితే, ఆ పిల్ల గొంతు వినపడకపోయినా బడి బడంతా గొంతెత్తి, దేవుడు గారండి, మీకు నమస్కారమండి అంది. కాలవ గట్టు మీద పోయేవాళ్లు సైకిళ్లు దిగి విన్నారు. మర్నాటికి గుడి వైపు తల్లిదండ్రులు వచ్చి, ఇదేదో చర్చి పద్ధతిలా ఉందే, మా పిల్లల్ని మతంలో కలిపేస్తున్నారా అన్నారు. ఆ వెంటనే చర్చి వైపు వాళ్లు వచ్చి, గారు అనే దేవుడు మా పుస్తకంలో లేడు, ఇదేదో గుడి వ్యవహారమే అన్నారు. సాయంత్రానికి ఊళ్లో ఇంకో కథ తయారైంది. రాజమండ్రి నుంచి కొత్త మతం ఒకటి దిగిందట, అందులో దేవుణ్ణి గారు అనాలట, చేరినవాళ్లకి కుక్కరు ఇస్తున్నారట. నలుగురు ఆడవాళ్లు ఆధార్ కార్డులు పట్టుకుని బడికి వచ్చారు. కుక్కరు లేదంటే, ముందు అలాగే అంటారండి అని చాలాసేపు వరండాలో కూర్చున్నారు.

కరస్పాండెంటు గారు మా ఇద్దర్నీ మళ్లీ ఫ్యాను కింద కూర్చోబెట్టారు.

"పుట్టినప్పట్నుంచీ మేం నీవు అనే అంటామండి. కన్న తండ్రిని ఎవరైనా మీరు అంటారాండి?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

మా నాన్నగారిని నేను మీరు అనే అంటాను. ఆమె కూడా వాళ్ల నాన్నగారిని అలాగే అనడం నేను చెవులారా విన్నాను. కానీ టీ తాగుతూ కూర్చున్నాను.

"మా గుళ్లోనూ అంతేనండి. పూజారి గారిని మీరంటాం గానీ స్వామిని నువ్వే అంటాం. బాగా చెప్పారండి మీరు," అన్నారు కరస్పాండెంటు గారు.

బడి పెట్టిన నాటి నుంచీ దేవుడి విషయంలో వాళ్లిద్దరూ ఏకీభవించడం అదే మొదలు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకోలుగా చూసుకున్నారు. ఏ మతబోధా సాధించలేని ఐక్యత మా ఆఫీసు రూములో వెలిసింది, ఒక ఆడపిల్ల చేతిలోంచి మైకు లాక్కునే పని మీద.

"శుక్రవారంలోగా ఆ పిల్ల నీవు అంటే సరేనండి. లేదంటే మావాడు ఉన్నాడు. వాడికి ఆ మొహమాటం లేదు," అని తేల్చేశారు కరస్పాండెంటు గారు.

ఆ మాట నిజమే. ఆ బాబు నువ్వు అనని మనిషి డెల్టాలో లేడు. నన్ను చూసి, నువ్వేంటి నిన్న రాలేదు అని అడిగేవాడు. హెడ్‌మిస్ట్రెస్ గారిని, నీ చెప్పులు బాగున్నాయి అన్నాడు ఓసారి. భక్తికి కావలసిన చనువు పుట్టుకతోనే ఉన్న పిల్లాడు.

ఆ పిల్లని పిలిచి, నువ్వు అంటే తప్పు లేదమ్మా, దేవుడు అమ్మలాంటివాడు, అమ్మని నువ్వే అంటాం కదా అని శతవిధాలా చెప్పాను. నేనంత మెత్తగా ట్యూషను ఫీజు కూడా ఎవర్నీ అడగలేదు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. అంతలో తల్లే వచ్చింది. ఊళ్లో పుకారు ఆమె చేపల పెట్టె కంటే ముందు వీధులన్నీ తిరిగింది కాబట్టి సంగతంతా ఆమెకి తెలుసు. పెట్టె వరండాలో దింపి, బడంతా వినపడేలా కూతుర్ని నిలదీసింది.

"ఏమే, నువ్వంటే నీ సొమ్మేం పోద్దే? నేను రోజూ అనట్లేదా? వల ఖాళీగా వస్తే నువ్వేం దేవుడివిరా అని గట్టు మీద నిలబడి తిడతానండి మేస్టారూ. ఇంకా చాలా అంటానండి, బళ్లో చెప్పకూడదండి."

ఆ ఇంకా చాలా ఏమిటో వినాలని నాకు మహా ఉబలాటంగా ఉన్నా మేస్టర్ని కాబట్టి అడగలేదు.

ఈలోగా ఆమె ఫోను మోగింది. పండుగప్పలు అయిపోయాయండి, రేపు ముందు మీ ఇంటికే తెస్తానండి, ఉంటానండి అని పెట్టేసింది. మా వైపు ఎంత తగువులో ఉన్నా ఉంటానండి అనకుండా ఫోను పెట్టరు. అలా పెట్టేస్తే అవతలి వాళ్లు, ఏంటండి కోపమొచ్చిందాండి అని మళ్లీ చేస్తారు. ఆ మాట తల్లి అంటుంటే పిల్ల పెదవులు కూడా అలవాటుగా కదిలాయి.

ఫోను నడుములో దోపుకుని తల్లి మళ్లీ అందుకోబోయింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని లాగింది.

"నీకాయనతో రోజూ గొడవ కదమ్మా. నీకు పరిచయం. నాకు పరిచయం లేదు కదా. తెలీనోళ్లని నువ్వంటే ఏం బాగుంటది?"

అంత గొంతు గల ఆవిడ పెట్టె నెత్తికెత్తుకుని, ఇది వాళ్ల నాన్న పోలికండి, మూర్ఖం అని నాకు చెప్పి వెళ్లిపోయింది. వీధి చివర మలుపు తిరిగే దాకా చేపలోయ్ అని అరవలేదు. ఆ రోజు ఆ వీధిలో చాలా మంది పప్పుతో తిన్నారు.

పిల్ల మాత్రం అక్కడే నిలబడి, "అయితే మైకు రాదాండి?" అంది. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

నేను భక్తుణ్ణి కాను గానీ తెలుగు మేస్టర్ని. తెలుగులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఎదుటి మనిషిని నువ్వు అనకుండా, మీరు అనకుండా, ఏమీ అనకుండా ఎంతసేపైనా మాట్లాడవచ్చు. కొత్తల్లుళ్లు అత్తగారితో అలాగే మాట్లాడతారు. భోజనం అయిందా, ఊరి నుంచి ఎప్పుడు రావడం, మందులు వాడటం జరుగుతోందా అంటూ, ఎవరు ఎవరితో అంటున్నారో తేలకుండా ఏళ్ల తరబడి సంసారాలు నడిచిపోతాయి. ఆ దారిలోనే ప్రార్థన తిరగరాశాను.

దేవుడికి నమస్కారం. అందరికీ మంచి బుద్ధి కలగాలి. మా బడి చల్లగా ఉండాలి. వానలు వేళకు కురవాలి.

ఆఖరి వాక్యం కరస్పాండెంటు గారి రైసు మిల్లుని దృష్టిలో పెట్టుకుని కలిపాను. ఆయన చదివి, రొయ్యల చెరువులు గుర్తొచ్చి, వానలు వేళకు, మితంగా కురవాలి అని దిద్దారు. హెడ్‌మిస్ట్రెస్ గారు రెండుసార్లు చదివి ఎవరినీ నొప్పించేది ఏమీ లేదన్నారు. నిజమే. అందులో దేవుణ్ణి ఎవరూ ఏమీ అడగడం లేదు, ఆయన ఏమీ చేయనక్కర్లేదు. ఆ కాగితాన్ని మునిసిపాలిటీ వాళ్లకి ఇచ్చినా సరిగ్గా సరిపోయేది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. మైకు ఆ పిల్లకే అన్నారు, ఒక్క అండి గానీ ఒక్క గారు గానీ కలిపితే వెంటనే మైకు కట్టేస్తామన్న షరతు మీద.

పిల్ల దాన్ని చదువుకుని మొదటి మాట దగ్గర వేలు పెట్టింది. దేవుడికి అని ఉందేంటండి, గారికి అనద్దాండి అని అడిగింది. ఇది ఆయనతో మాట్లాడటం కాదమ్మా, ఆయన గురించి మనలో మనం అనుకోవడం అన్నాను.

"వెనకాల అనుకోవడమాండి? వెనకాలైతే గారు అనక్కర్లేదాండి?"

అక్కర్లేదు అని ధైర్యంగా చెప్పాను. కరస్పాండెంటు గారి విషయంలో మా స్టాఫ్ రూము ఆచారం అదే.

వార్షికోత్సవం నాడు సాయంత్రం కాలవ గట్టు పొడవునా షామియానా వేశారు. మైకు సెట్టు భీమవరం నుంచి వచ్చింది. పెళ్లిళ్లలోనూ ఎన్నికల్లోనూ అరిచి అరిచి రాటుదేలిన మైకు అది. దాని పక్కన నిలబడి గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, షామియానా పైకి లేచి మళ్లీ కిందికి దిగేది. కుడి వైపు కుర్చీల్లో గుడి వాళ్లు, ఎడమ వైపు చర్చి వాళ్లు, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు. చేపలు అమ్మే ఆమె చివరి వరసలో, పెట్టె పక్కన పెట్టుకుని, ముందు వాళ్లకి వాసన తగలకుండా వెనక్కి జరిగి కూర్చుంది. కరస్పాండెంటు గారు వేదిక మీద, ముఖ్య అతిథి పక్కన, మైకు కట్టే కుర్రాడికి కనపడేలా చెయ్యి సగం ఎత్తి సిద్ధంగా ఉన్నారు.

ఆ పిల్లని స్టూలు మీద నిలబెట్టాం. మైకు మూతికి ఆనింది. చేతులు జోడించింది.

"దేవుడికి నమస్కారం."

ఆ గొంతు ఎవరిదో నాకూ తెలియలేదు. ఇన్నాళ్లూ పెదవులు తప్ప నేను విన్నదే లేదు. అది గట్టు దాటి, కాలవ దాటి, అవతలి కొబ్బరితోటకి కొట్టుకుని మళ్లీ మా దగ్గరికి వచ్చింది. పిల్లే ఉలిక్కిపడి ఒక క్షణం ఆగింది. చివరి వరసలో తల్లి లేచి నిలబడింది.

"అందరికీ మంచి బుద్ధి కలగాలి. మా బడి చల్లగా ఉండాలి. వానలు వేళకు, మితంగా కురవాలి."

ఒక్క అక్షరం తప్పలేదు. ఒక్క అండి లేదు, ఒక్క గారు లేదు. కరస్పాండెంటు గారి చెయ్యి కిందికి దిగింది. హెడ్‌మిస్ట్రెస్ గారు సగం మూసిన కళ్లు పూర్తిగా తెరిచారు. కుడి వైపు వాళ్లు శాంతిః కోసం, ఎడమ వైపు వాళ్లు ఆమెన్ కోసం నోళ్లు సగం తెరిచి ఆగారు. తోక కత్తిరించిన సంగతి వాళ్లకి తెలియదు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనమంతా అలాగే ఉండిపోయారు.

పిల్ల స్టూలు దిగలేదు. జోడించిన చేతులు విప్పలేదు. ఏదో మిగిలిపోయినట్టు అటూ ఇటూ చూసింది. నాకు అర్థమయ్యేసరికే ఆలస్యమైపోయింది. చెప్పాల్సింది చెప్పేసి, సెలవు మాటైనా అనకుండా పెట్టేయడం ఆ పిల్ల ఇంట్లో మర్యాద కాదు. మైకు దగ్గరికి ఇంకొంచెం వంగి అంది:

"ఉంటానండి."

కుడి వైపు కుర్చీలూ ఎడమ వైపు కుర్చీలూ, సైకిళ్ల మీద ఆగినవాళ్లూ, ముఖ్య అతిథితో సహా, ఒక్క గొంతుతో, "మంచిదండి," అన్నారు. పుట్టినప్పట్నుంచీ నోటికి ఉన్న అలవాటు. ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. అందరికంటే గట్టిగా వినపడినది కరస్పాండెంటు గారి గొంతు, ఆయన ముందున్న రెండో మైకు ఆన్‌లో ఉంది కాబట్టి. హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా బడి చరిత్రలో రెండు మతాల వాళ్లూ కలిసి ఒకే మాటతో ముగించిన ప్రార్థన అదొక్కటే.

చివరి వరసలో ఆ తల్లి మాత్రం పక్క ఆవిడ వైపు తిరిగి, మా పిల్లండి, మా పిల్ల గొంతండి అని చాలా మెల్లగా చెప్పుకుందని, ఆ పక్క ఆవిడే తర్వాత నాతో అంది.

తర్వాతి శుక్రవారం నైయావి పీరియడ్‌లో నాకు నోరు ఊరుకోలేదు. ఆ పిల్లని నిలబెట్టి, అంత పెద్ద మైకులో ఆయనతో మాట్లాడావు కదమ్మా, ఇక పరిచయం అయిపోయినట్టే, ఇప్పుడైనా నువ్వు అనొచ్చా అని అడిగాను.

ఆ పిల్ల గొంతు ఈసారి మూడో బెంచీ దాకా వినపడింది.

"ఒక్కసారి మాట్లాడితేనే నువ్వనేస్తారేంటండి?"